వంజంగి కొండ మీద చీకటిని మిగల్చండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో పాడేరు దగ్గరి వంజంగి కొండ మేఘాల ఫొటో చూశాను. బాగుంది. కానీ తెల్లారాక వచ్చే మేఘాల గురించే అందరూ రాస్తున్నారు, తెల్లారకముందు ఆ కొండ మీద కనిపించే ఆకాశం సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

జనవరిలో అమావాస్య దగ్గర పడ్డాక నా మేనకోడల్ని తీసుకుని వెళ్లాను. తెల్లవారుజామున నాలుగు గంటలకి ముందూ వెనకా సెల్‌ఫోన్ టార్చీలే, అందరి చూపూ కాళ్ల దగ్గరే. మేం పక్కకి వచ్చి ఒక బండ మీద కూర్చుని ఫోన్లు జేబులో పెట్టేశాం. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, మధ్యలో ఒక్కసారి స్క్రీన్ వెలిగించినా మళ్లీ మొదటికే. కాసేపటికి ఉత్తరాన సప్తర్షులు స్పష్టంగా తేలారు. తోక చివర నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, ఆనుకునే సన్నగా అరుంధతి. పెళ్లిళ్లలో పేరు వినడమే గానీ ఎప్పుడూ చూడని పిల్ల, "మావయ్యా, నిజంగానే రెండున్నాయి!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. తూర్పున స్వాతి, ఆగ్నేయంగా చిత్త, దాని కింద విశాఖ.

మన ఊరి పేరున్న నక్షత్రమండీ అది. వైశాఖ పౌర్ణమికి చంద్రుడు దాని దగ్గరే ఉంటాడు, నెలకి ఆ పేరు అందుకే వచ్చింది. మరీ మెరిసే చుక్క కాదు, బీచ్ రోడ్డు లైట్ల కింద నిలబడితే వెతుక్కోవాల్సిందే. ఇదే ఊళ్లో, డాబాగార్డెన్స్‌లో, 1840లో గోడే జగ్గారావు గారు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు, ఏవీఎన్ కాలేజీకి ఉన్నది ఆయన పేరే, 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని గమనించారు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని రాత్రుల్లో మా మేడ మీద నుంచి పాలపుంత కనిపించింది. ఊరంతా కష్టంలో ఉన్నా ఆ రాత్రులు మర్చిపోలేను.

కొండ దిగుతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంది. రోడ్డు పక్కన ఒక కొత్త రిసార్టు వాళ్లు పెద్ద ఫ్లడ్‌లైట్ తల పైకెత్తి పెట్టారు. అది వెలిగించేది దారినీ కాదు, గేటునీ కాదు, పొగమంచుని. తెల్ల ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, గాలిలో తొందరగా చెదిరి ఆకాశమంతా తెల్లబారిపోతుంది. ఏజెన్సీ ఊళ్లకి వీధిదీపాలు వద్దని నేను అనను, పాములు తిరిగే దారుల్లో వెలుతురు ఉండి తీరాలి. ఆ దీపానికి పైన రేకు మూత వేసి, వెలుగు నేల మీద పడేలా దించి, పసుపు రంగు బల్బు పెడితే దారీ కనిపిస్తుంది, చుక్కలూ కనిపిస్తాయి. లద్దాఖ్‌లోని హాన్లేలో 2022 నుంచి ఇలాగే లైట్లకి షేడ్లు వేసి ఆకాశాన్ని కాపాడుకుంటున్నారు, ఊరివాళ్లే టెలిస్కోపులు పెట్టి వచ్చినవాళ్లకి చూపించి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. పాడేరు కుర్రాళ్లు ఆ పని చెయ్యలేరా? రిసార్టులకి పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టమని అధికారులని అడుగుతున్నాను.

వచ్చే చలికాలం మేం మళ్లీ వెళ్తాం. ఈసారి ముందు ఆ రిసార్టు దగ్గర ఆగి, లైటు కిందికి దించమని నేనే అడుగుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం