మారియో పాట కట్టిన మనిషి: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపారు. అందుకే ఈసారి ఎక్కువ చోటు సంగీత సాయంత్రాలకే ఇస్తున్నాను. జపాన్‌లో ఉంటూ ఇక్కడి సంగీతకారుల మీద ఒక్క కార్యక్రమమైనా పెట్టలేదేమని పోయినసారి సర్వసభ్య సమావేశంలో నిలదీశారు కదా. వీడియో గేమ్ సంగీతం అనగానే కొందరు పెద్దలు మొహం చిట్లించారు. అయినా కోజి కొందో పేరే ఖాయమైంది.

మనలో నలభై దాటినవాళ్ళు వేసవి సెలవుల్లో టీవీకి తగిలించి ఆడిన ఆ చవక గేమ్ డబ్బా, నింటెండో వాళ్ళ ఫామికాం అనే గేమ్ మెషీన్‌కి నకలు. క్యాసెట్‌లో ఉఫ్‌మని ఊది మరీ ఆడిన మారియోకి పాట కట్టింది ఈయనే. పాట ఇప్పటికీ నోట్లో ఆడుతుంది, ఆయన పేరే మనకు తెలీదు.

కొందో గారు 1961లో నగోయాలో పుట్టారు. ఒసాకాలో కళల విశ్వవిద్యాలయంలో చదివి, 1984లో క్యోటోలోని నింటెండోలో చేరారు. మరుసటేడే సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది.

మొదటి సాయంత్రం హాల్లో ఒక స్పీకర్ పలకలేదు. ఫామికాం శబ్దం ఎలాగూ మోనోయే కాబట్టి నష్టమేమీ లేదు. ఆ మెషీన్‌లో ఈ పాటకు దొరికినవి మూడే గొంతులు (ఒకేసారి పలికే మూడు స్వర వరసలు), తాళానికి బుస్సుమనే నాయిస్. మారియో ఎగిరితే ఆ చప్పుడు కోసం ఒక గొంతు పాటను కాసేపు వదిలేయాలి. మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కో గొంతునూ కీబోర్డు మీద విడిగా వాయించింది. కింది స్వరాలు మాత్రమే విన్నప్పుడు ఎవరూ పోల్చుకోలేదు. మూడూ కలిపి, వేగం పెంచగానే వెనక వరసలోంచి ఒకాయన “అమ్మో, టైమైపోతోంది!” అని అరిచారు. ఆటలో సమయం వందకి పడితే పాట అలాగే పరిగెడుతుంది మరి. ముప్పై ఏళ్ళనాటి టెన్షన్ చెక్కుచెదరలేదు.

నీళ్ళలో వచ్చే పాట వాల్ట్‌జ్. మన లెక్కలో తిశ్రం. నేల మీది పాటకైతే మొదట కట్టిన వరస మారియో పరుగుకి అతకలేదని ఆయనే పక్కన పడేశారు. పాట బొమ్మకు కాదు, ఆడేవాడి చేతికి కుదరాలన్నది ఆయన పట్టుదల అనిపిస్తుంది నాకు.

రెండో సాయంత్రం నింటెండో వాళ్ళదే ఇంకో ఆట, జెల్డాది. 1986లో ఆ ఆట మొదట్లో ఫ్రెంచి స్వరకర్త రావెల్ కట్టిన ‘బొలేరో’ వాడదామనుకున్నారు. తీరా చూస్తే కాపీరైట్ ఇంకా తీరలేదు. కొందో గారు రాత్రికి రాత్రి, ఆటలో అప్పటికే ఉన్న తన వరసనే మార్చి టైటిల్‌కి సిద్ధం చేశారు. నలభై ఏళ్ళుగా జనం పాడుకుంటున్నది దాన్నే! 1998 నాటి జెల్డా ఆట ‘ఓకరినా ఆఫ్ టైమ్’లో పిల్లనగ్రోవి లాంటి వాయిద్యాన్ని ఆడేవాళ్ళ చేతికే ఇచ్చేశారు, అదీ ఐదే స్వరాలతో. 2007లో మారియో గెలాక్సీకి తోటి స్వరకర్త యోకోతాతో కలిసి ఆర్కెస్ట్రా వాడారు. అది గొప్పగానే ఉంటుంది గానీ, నా ఓటు ఆ మూడు గొంతులకే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలోకి ఎక్కిందీ ఆ మారియో పాటే. గేమ్ సంగీతానికి అక్కడ అదే మొదటి చోటు. మొహం చిట్లించిన పెద్దల్లో ఇద్దరు ఆ రోజు చివరిదాకా కూర్చున్నారు.

వచ్చే ఏడాదికి ఫైనల్ ఫాంటసీ ఆటలకు పాటలు కట్టిన నొబువో ఉఎమత్సు పేరు ప్రతిపాదనలో ఉంది. అభ్యంతరాలుంటే కార్యవర్గానికి రాయండి. ఆ రోజు కీబోర్డు అడాప్టర్ పొరపాటున ఎవరి సంచిలో వెళ్ళిందో కూడా దయచేసి చూసుకోండి.

— కార్యదర్శి