గళ్ల బొమ్మకు కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 74 ఏళ్లు. పేపర్ చదవందే ఆమెకు పొద్దు పొడవదు. నిరుడు ఒకరోజు "ఏంటే, ఈమధ్య పేపర్లో గీతలు వంకరగా వేస్తున్నారు" అంది. నవ్వేసి ఊరుకున్నాం. తర్వాత అక్షరాల మధ్య మసక మొదలైంది. కళ్లజోడు అద్దాలు రెండుసార్లు మార్పించాం. శుక్లాలేమో, ముదిరాక తీయించవచ్చులే అన్నారు తెలిసినవాళ్లు. ఐదు నెలలు ఇలా గడిచాక రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్తే, వెట్ మాక్యులర్ డీజెనరేషన్ అన్నారు. అప్పటికే ఎడమకంటి నడిమి చూపు చాలావరకు పోయింది.

కంటి లోపల వెనకవైపు ఉండే పొర రెటీనా. దాని మధ్యలో ఉండే చిన్న భాగం మాక్యులా. చదవాలన్నా, ముఖం గుర్తుపట్టాలన్నా అదే ఆధారం. 50 దాటినవాళ్లలో అది దెబ్బతినవచ్చు, పొగతాగేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. పక్కచూపు మిగులుతుంది కాబట్టి మనిషి ఇంట్లో మామూలుగానే తిరుగుతుంటారు. పైగా బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. ఎదురుపడినా పలకరించకపోతే మతిమరుపు అనుకుంటాం, లేదా పొగరు అనుకుంటాం. 2040 నాటికి ప్రపంచంలో 28.8 కోట్ల మందికి ఈ జబ్బు ఉంటుందని 2014లో ఒక అంచనా వచ్చింది.

ఎక్కువమందికి వచ్చేది డ్రై రకం, అది నెమ్మదిగా ముదురుతుంది. మధ్య దశలో ఉన్నవాళ్లకు కొన్ని విటమిన్లు, జింక్ కలిసిన మాత్రలు ఆ వేగాన్ని కొంత తగ్గిస్తాయి. అంతేగానీ పోయిన చూపును తేవు. వెట్ రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు పుట్టి, కారి, వారాల్లోనే చూపును తినేస్తాయి. దానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు 2006 నుంచి బాగా వాడుకలోకి వచ్చాయి. క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్ కూడా చూపు కాపాడటంలో ఖరీదైన కంటి ఇంజెక్షన్ రానిబిజుమాబ్‌కు దీటుగా పనిచేస్తుందని 2011లో తేలింది. కంట్లో సూది అనగానే నాకు ఒళ్లు జలదరించింది. మత్తు చుక్కలు వేశాక పెద్దగా తెలియలేదని అమ్మే నాకు ధైర్యం చెప్పింది.

అసలు చిక్కు సూది కాదు. అది ఒక్కసారితో అయిపోకపోవడమే చిక్కు. మొదట నెలనెలా వేయించుకోవాలి, ఆపైన కంటి పరిస్థితిని బట్టి వ్యవధి పెంచుతారు. ప్రతిసారీ తోడు ఒకరుండాలి, అంటే ఆ రోజు ఎవరో ఒకరు సెలవు పెట్టాలి. రెండు మూడు తప్పాయంటే వచ్చిన మెరుగు కాస్తా జారిపోతుంది. ఆస్పత్రిలో పరిచయమైన ఒక పెద్దాయన తీసుకొచ్చేవాళ్లు లేక రెండు నెలలు రాలేదట. వృద్ధుల ఆరోగ్య పథకాల్లో మందు ఖర్చు ఒక్కటే లెక్కేస్తే సరిపోదు, ఆస్పత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చే ఏర్పాటు కూడా ఉండాలి.

మీ పత్రిక వల్ల అయ్యే పని కూడా ఒకటుంది. స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ పేరుతో ఒక గళ్ల బొమ్మ ఉంది. పది సెంటీమీటర్ల చదరం, నడుమ ఒక చుక్క. చదివే కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి ఆ చుక్కను చూడాలి. గీతలు వంగినా, గళ్లు మాయమైనా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. అన్ని కేసులనూ ఇది పట్టదు, కంటి పరీక్షకు బదులూ కాదు. అయినా నెలకోసారి పదకేళి పక్కన దాన్ని అసలు కొలతలో వేయండి, చూసే పద్ధతి పెద్ద అక్షరాల్లో ఇవ్వండి.

అమ్మ కుడికన్ను ఇంకా బాగానే ఉంది. మీరు వేస్తే మొదటి బొమ్మను కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను.

ఒక పాఠకురాలు