నిల్వల లెక్క బయటపెట్టండి: వాణిజ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

ధాన్యం ధర పెరగ్గానే ఏ ప్రభుత్వానికైనా ముందు తోచేవి రెండే: రేటు ఇంతకు మించకూడదని ఉత్తర్వు, లేదా ఎగుమతుల మీద నిషేధం. ఇవి రాత్రికి రాత్రి వస్తాయి, పొద్దున్నే పేపర్లో చూసి జనం ఇంకాస్త భయపడతారు. ఆ భయం గురించే మీకు ఈ ఉత్తరం.

క్రీస్తు శకం 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ వెయ్యికి పైగా సరుకులకూ కూలి రేట్లకూ గరిష్ఠ ధర కట్టి, మీరితే మరణశిక్ష అన్నాడు. సరుకు బజారుకే రావడం మానేసిందని ఆ కాలంవాడే అయిన క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ రాశాడు (ఆయనకు ఆ చక్రవర్తంటే గిట్టదు, అది కూడా గుర్తుంచుకోవాలి). ఏమైనా ఆ శాసనం ఎక్కువ కాలం నిలవలేదు.

అలాగని బజారే చూసుకుంటుందిలే అని వదిలేస్తే ఇంకా ఘోరం. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది తిండిగింజలు 1941 కంటే తక్కువేమీ లేవని ఆర్థికవేత్త అమర్త్యసేన్ వాదించారు. యుద్ధం ఖర్చులతో బియ్యం ధర ఎగబాకింది, పొలం కూలీల, జాలరుల సంపాదన మాత్రం దాన్ని అందుకోలేకపోయింది, పైగా కొరత వస్తుందన్న భయంతో కొన్నవాళ్లూ దాచినవాళ్లూ ధరను ఇంకా పైకి నెట్టారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోని పేదలే. కాబట్టి రేటు ఎంతుందన్నది సగం ప్రశ్నే, ఆ రేటుకు కొనగలిగేది ఎవరన్నది కూడా మీ శాఖే అడగాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం 2008. ఆ ఏడాది ప్రపంచంలో వరి పంట బాగానే ఉంది. కానీ ఎగుమతి చేసే దేశాలు ఒకదాన్ని చూసి ఒకటి తలుపులు మూశాయి, దిగుమతి చేసుకునే దేశాలు కంగారుగా ఎగబడి కొన్నాయి, కొద్ది నెలల్లోనే అంతర్జాతీయ ధర రెట్టింపు దాటింది. తర్వాత జపాన్ తన గోదాముల్లో ఉన్న దిగుమతి బియ్యాన్ని అమ్మవచ్చన్న కబురు రాగానే ధర దిగడం మొదలైంది, అప్పటికి ఆ గోదాముల నుంచి బియ్యం కదలనే లేదు! సరుకు ఉందని తెలియడమే అంత పని చేసింది.

అందుకే నేను అడిగేది చిన్నదే, ఖర్చు కూడా పెద్దగా లేనిది. ప్రభుత్వ గోదాముల్లో ఎంత నిల్వ ఉందో, ప్రైవేటు వ్యాపారులు ఎంత చూపించారో వారం వారం అందరికీ కనిపించేలా పెట్టండి, లెక్క బాగాలేని వారం కూడా. ఎగుమతులు ఆపక తప్పదనుకుంటే కారణం చెప్పి, ముందుగా గడువిచ్చి, అప్పటికే ఒప్పందం కుదిరిన సరుకును వెళ్లనివ్వండి. ధర మరీ పెరిగిన నెలల్లో కూలి మీద బతికేవాళ్ల చేతికి డబ్బో గింజలో నేరుగా అందించండి, అదీ ధర పెరుగుతున్నప్పుడే, కమిటీ రిపోర్టు వచ్చాక కాదు.

ఇట్లు,
ఒక పౌరుడు