ఇయాన్ స్మిత్ గారూ, ఆ 17వ సీటు ఎప్పుడిచ్చేవారు?

రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మాజీ ప్రధాని ఇయాన్ స్మిత్ గారికి,

నమస్కారం. మీరు 2007లోనే పోయారు కాబట్టి జవాబు వస్తుందన్న ఆశ లేదు. బతికున్నప్పుడు మాత్రం ఎవరి మొర విన్నారు లెండి. 1972లో బ్రిటన్ పంపిన పియర్స్ కమిషన్ వచ్చి అడిగితే, మీరూ లండన్ ప్రభుత్వమూ కలిసి రాసుకున్న ఒప్పందం మాకొద్దని ఆఫ్రికన్లు మొహమ్మీదే చెప్పారు. మీరు ఇసుమంతైనా కదిలారా?

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మీ తర్వాత జింబాబ్వేని ఏలిన ముగాబే పాలన చూశాక "నల్లవాళ్ల చేతికి అధికారమిస్తే దేశం పాడవుతుందని స్మిత్ చెప్పిందే నిజమైంది కదా" అని మనవాళ్లు కూడా కొందరు అంటున్నారు. వింటే ఒళ్లు మండుతోంది. ఆయన హయాంలో మాటబెలెలాండ్ ప్రాంతంలో జరిగిన హత్యలు, ధరలు మండిపోయి అచ్చేసిన లక్షల కోట్ల డాలర్ల నోట్లు అన్నీ తెలుసండీ. వాటికి ముగాబేనే నిలదీద్దాం. మీ లెక్క మీరు చెప్పండి.

మీ 1969 రాజ్యాంగం సంగతే అడుగుతున్నా. తెల్లవాళ్లు రెండున్నర లక్షల లోపు, వాళ్లకు 50 సీట్లు. ఆఫ్రికన్లు 50 లక్షలకు దగ్గర, వాళ్లకు 16. అందులోనూ 8 మందిని ఎన్నుకునేది మీ దగ్గర జీతం తీసుకునే తెగ పెద్దలు. ఎక్కువ సీట్లు కావాలంటే ఆదాయపు పన్ను కట్టండి, మొత్తం పన్నులో మీ వాటా పెరిగేకొద్దీ సీట్లు పెంచుతాం అన్నారు. ఆ వాటా 66లో 16 వంతులు, అంటే 24 శాతం దాటితే గానీ 17వ సీటు మాటే లేదు. అప్పటికి వాళ్లు కడుతున్నది ఒక్క శాతం కూడా లేదు! పోనీ తిప్పలు పడి వాటా పెంచుకున్నా సగం సీట్ల దగ్గరే ఆగాలి, అంతకు మించడానికి వీల్లేదని అదే రాజ్యాంగంలో రాసుకున్నారు.

పన్ను కట్టాలంటే ఆదాయం ఉండాలి కదండీ. అదే ఏడాది మీరు తెచ్చిన భూమి చట్టంతో తెల్లవాళ్లకు సుమారు 4.5 కోట్ల ఎకరాలు, వాళ్లకు ఇరవై రెట్లున్న ఆఫ్రికన్లకూ అంతే. పొలంలో, గనిలో కూలి ఎంతో నిర్ణయించేది మీవాళ్లే. ఆ కూలి పన్ను కట్టే స్థాయికి చేరేదే కాదు. ఈత వచ్చాకే చెరువులో దిగమన్నట్టుంది మీ వ్యవహారం.

1974లో చివేషే అనే ఆఫ్రికన్ల ప్రాంతంలో ఏం చేశారు? మీ మీద పోరాడుతున్న గెరిల్లాలకు అన్నం పెడుతున్నారని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి కంచెల మధ్య పడేశారు. పొద్దుగూకితే గేటు మూసేయడం, తెల్లారితే తీయడం. చేను ఎక్కడో దూరాన, పంట మీద పశువులు పడ్డా రాత్రిపూట కదలడానికి లేదు. ఆ రైతు ఆదాయపు పన్ను కట్టి అర్హత నిరూపించుకోవాలా సార్?

చదువు రానివాళ్లకు ఓటేమిటన్నారు. మా దేశంలో 1951 జనాభా లెక్కల్లో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఆ వెంటనే జరిగిన ఎన్నికల్లో 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు. గుర్తు చూసి పెట్టెలో కాగితం వేసి వచ్చారు. ఏ ఆకాశమూ విరిగి పడలేదు.

1976 మార్చిలో వెయ్యేళ్లకైనా సరే, నల్లజాతి మెజారిటీ పాలన మీద నమ్మకం లేదన్నారు. సెప్టెంబరులో అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్ వచ్చి కూర్చోగానే రెండేళ్లలో ఇస్తామన్నారు. అదీ నిలుపుకోలేదు, 1980 దాకా లాగారు. ఈలోపు పోయిన వేలాది ప్రాణాల్లో మీ తెల్ల కుర్రాళ్లవీ ఉన్నాయి.

పదేళ్లు జైల్లో పెట్టిన ముగాబేని, ఘనాలో కొడుకు చనిపోతే అంత్యక్రియలకు కూడా పంపలేదు. అదే మనిషి గద్దెనెక్కాక మిమ్మల్ని జైల్లో పెట్టలేదు. తెల్లవాళ్ల కోటా సీట్లో 1987 దాకా పార్లమెంటులో కూర్చున్నారు, ఎంత పన్ను కట్టారని ఎవరూ అడగలేదు.

నేనడిగేది ఒక్కటే. మీ లెక్క ప్రకారమే ఆ 17వ సీటు ఏ సంవత్సరానికి వచ్చేది? మీకు చెప్పే వీలు లేదు, సరే. మిమ్మల్ని ఇప్పటికీ పొగిడేవాళ్లైనా కాగితం, పెన్సిలూ తీసుకుని తేల్చి చెప్పమనండి.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు