కుర్చీలు చాలని ఆదివారం

రాజమహేంద్రవరం,
19 ఫిబ్రవరి 2026, రాత్రి.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరాలు రెండూ నా బల్లమీదనే ఉన్నాయి. ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా క్షమించు. మొదటి ఉత్తరంలో నువ్వు "డిసెంబరు సదస్సు ఎలా జరిగింది?" అని అడిగావు; ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయడానికి చేయి రాక, మిగిలిన సంగతులు కూడా రాయలేకపోయాను. ఇప్పుడు రాయగలను. ఇంట్లో అందరూ క్షేమం, అమ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది, పెద్దవాడికి వచ్చే నెల పరీక్షలు, సంక్రాంతికి నువ్వు రాలేదని పిన్నిగారు ఇంకా కోపంగానే ఉన్నారు. ఇంటి కబుర్లు ఇంతే. చెప్పాలని పదిరోజులుగా నాలో కుదురు లేకుండా చేస్తున్న సంగతి వేరే ఉంది: ఫిబ్రవరి 8, ఆదివారం, మా సదస్సుకు కుర్చీలు చాలలేదు.

నీకు దాని విలువ తెలియాలంటే డిసెంబరు సంగతి ముందు చెప్పాలి. మా పన్ను సలహాదారుల సంఘం ఆ సదస్సు బాధ్యత నాకు అప్పగించింది. రెండు వందల కుర్చీల హాలు తీసుకున్నాము, నూటయాభై భోజనాలు చెప్పాము, విజయవాడ నుంచి ఒక సీనియర్ న్యాయవాదిని రప్పించాము. ఉదయం పది గంటలకు హాలులో ఉన్నవారు, మైకు అబ్బాయిని మినహాయిస్తే, సరిగ్గా పదిహేడు మంది. పదిహేడు! ఆ న్యాయవాదిగారు ఒక్క మాట అనకుండా, ఖాళీ వరుసల వైపు చూడకుండా, ఆ పదిహేడు మందికీ రెండు గంటలపాటు శ్రద్ధగా చెప్పి, కారు ఎక్కేముందు నా భుజం తట్టారు. కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మిగిలిన భోజనాలు ఒక విద్యార్థి వసతిగృహానికి పంపి, ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను.

మేము ఎంచుకున్న తేదీ డిసెంబరు 20. శనివారం కదా, అందరికీ వీలుగా ఉంటుందని అనుకున్నాము. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్టీఆర్ 3బి, అంటే జీఎస్టీ (వస్తు సేవల పన్ను) నెలవారీ రిటర్ను, దాఖలుకు ఆఖరి రోజు. ఆ రోజు మా వృత్తిలో ఉన్నవారు భోజనానికి కూడా సమయానికి లేవరు. దానిమీద డిసెంబరు 31న వార్షిక రిటర్ను గడువు. పన్ను సలహాదారులను పిలుస్తూ పన్ను గడువు రోజునే పిలిచాము! ఈ మాట మా కమిటీలో నేనే లేచి చెప్పాను, ఎందుకంటే "మనవాళ్ళకు నేర్చుకోవాలన్న ఆసక్తి లేదు" అని అప్పటికే ఒకరిద్దరు తీర్పు ఇచ్చేస్తున్నారు. ఆ తీర్పు నాకు నచ్చలేదు, ఈనాటికీ నచ్చదు.

కొత్త తేదీ కోసం క్యాలెండరు ముందు పెట్టుకుని ఎర్రసిరాతో గడువులన్నీ గుర్తు పెట్టాను. 7న టీడీఎస్ (చెల్లింపుల దగ్గరే కోసే ఆదాయపు పన్ను) చెల్లింపు, 11న జీఎస్టీఆర్ 1 (అమ్మకాల వివరాలు), 20న 3బి, మూడు నెలలకొకసారి దాఖలు చేసేవారికి మన రాష్ట్రంలో 22, జనవరి 31న టీడీఎస్ త్రైమాసిక రిటర్ను. జనవరిలో సగం సంక్రాంతికే పోతుంది, 25న రథసప్తమి, ఫిబ్రవరి 15న శివరాత్రి. ఇన్నింటి మధ్య 8వ తేదీ ఆదివారం ఒక్కటే ఖాళీగా కనిపించింది.

తరువాత సదస్సు అంశం. డిసెంబరు పోస్టరుమీద "వస్తు సేవల పన్ను: నూతన పోకడలు" అని పెట్టాము. అది చదివి ఎవరు మాత్రం మండపేట నుంచి, అమలాపురం నుంచి బస్సెక్కి వస్తారు? పైగా ఆ పోస్టరులో పదకొండు మంది పెద్దల ఫొటోలు ఉన్నాయి, సమయం మాత్రం భూతద్దం పెట్టి వెతకవలసినంత చిన్న అక్షరాలలో ఉంది. ఈసారి ఫొటోలు తీసేసి, "మీ దగ్గర ఉన్న పాత అప్పీలు ఆర్డరును జూన్ 30 లోపు ట్రైబ్యునల్‌కు తీసుకువెళ్ళడం ఎలా?" అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాలలో వేయించాము. దీని వెనుక ఉన్న అవసరం నీకు వివరించాలి. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చినా, దాని వివాదాల్లో రెండో అప్పీలు వినే అప్పీలేట్ ట్రైబ్యునల్ ప్రారంభమైంది 2025 సెప్టెంబరు 24న. ఈ ఎనిమిదేళ్ళూ మొదటి అప్పీలులో ఓడిపోయిన వ్యాపారికి హైకోర్టు తప్ప దారి లేదు, చిన్న మిల్లుదారుకు ఆ ఖర్చు భరించే స్తోమత లేదు. ఇప్పుడు మన రాష్ట్రానికి విజయవాడలోను విశాఖపట్నంలోను బెంచీలు ఇచ్చారు, పాత ఆర్డర్లమీద అప్పీలు చేసుకోవడానికి 2026 జూన్ 30 వరకు గడువు ఇచ్చారు. వివాదంలో ఉన్న పన్నులో మొదటి అప్పీలుకు కట్టిన పది శాతం కాక, మరో పది శాతం ముందుగా కట్టాలి. ప్రతి సలహాదారు బీరువాలోను ఇటువంటి ఫైళ్ళు మూడో నాలుగో ఉన్నాయి. రమ్మని బతిమాలవలసిన పని లేదు. ఆ ఫైలును గుర్తు చేస్తే చాలునని నాకు అనిపించింది.

రుసుము విషయంలో మాత్రం గొడవ జరిగింది. డిసెంబరులో ప్రవేశం ఉచితం. పేరు నమోదు చేసుకున్న నూట ముప్పైమందిలో చాలామంది రాలేదు. ఈసారి భోజనంతో కలిపి మూడు వందల రూపాయలు అన్నాను. మా కమిటీలో పెద్దాయన ఒకరు "జనం లేనిచోట డబ్బు కూడానా?" అని కోప్పడ్డారు. డబ్బు కట్టినవారు రాకుండా ఉండరని చెప్పి ఒప్పించాను. ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంట్లకు వారి ఇన్‌స్టిట్యూట్ నిబంధన ప్రకారం మూడేళ్ళలో 120 సీపీఈ (నిరంతర వృత్తి శిక్షణ) గంటలు కావాలి, వాటిని మా వంటి సంఘం ఇవ్వలేదు. అందువల్ల ఆ ఆశ చూపించి పిలిచే వీలు మాకు లేదు. వారి పనికి ఉపయోగపడే విషయం ఒక్కటే చూపించి పిలవగలిగాము.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈసారి వాట్సాప్ గుంపులకు పోస్టరు పంపి ఊరుకోకుండా, ఐదుగురం తలా నలభైమందికి ఫోను చేద్దామని నిర్ణయించుకున్నాము. ఫోనులో రమ్మని అడగడానికి ముందు, "మీ దగ్గర తేలకుండా ఉన్న కేసు ఒకటి చెప్పండి, దానిని వక్తగారికి ముందే పంపిస్తాము" అని అడిగేవాళ్ళం. నా వంతులో మండపేటలో రైసుమిల్లుల లెక్కలు చూసే ఒక మేడమ్‌గారి పేరు వచ్చింది. పేరుతో పలకరించి విషయం చెప్పగానే, ఆవిడ కాసేపు మాట్లాడలేదు. లైను తెగిపోయిందనుకున్నాను. అప్పుడు ఆవిడ, "ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నానండీ. మీ సంఘం ఆహ్వానాలు ప్రతిసారీ వస్తాయి. 'గౌరవనీయులైన సోదరులకు' అని మొదలవుతాయి. మమ్మల్ని పిలుస్తున్నారని నేను ఎప్పుడూ అనుకోలేదు" అన్నారు.

మిత్రమా, ఆ వాక్యం రాసింది నేనే. సంవత్సరాల తరబడి అదే వాక్యాన్ని పాత ఫైలులోంచి తీసి, తేదీ మార్చి పంపుతూ వచ్చాను. ఆవిడకు క్షమాపణ చెప్పి, ఏ సమయమైతే వీలని అడిగాను. సాయంత్రం సదస్సు అయితే తిరిగి ఇంటికి చేరేసరికి రాత్రి అవుతుందని, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఒంటిగంటన్నరకు ముగిస్తే తమవైపు వాళ్ళు చాలామంది రాగలరని చెప్పారు. ఆ రాత్రే కూర్చుని ఆహ్వానం తిరగరాశాను, వేళలు మార్చాను, జ్యోతిప్రజ్వలన, శాలువాలు, సందేశాలు అన్నీ కలిపి పది నిమిషాలు మించకూడదని కమిటీ చేత ఒప్పించాను. మిల్లుల్లో, నర్సరీల్లో, కొబ్బరి పీచు పరిశ్రమల్లో గుమాస్తాలుగా రిటర్నులు వేసేవారిని కూడా పిలవాలని ఆవిడే సూచించారు. వాళ్ళను మేము వృత్తివాళ్ళుగా లెక్కవేయనే లేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు... సరే, దాని గురించి మరోసారి.

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకే నేను గేటు దగ్గర నిలబడ్డాను. గుండె దడదడలాడింది. తొమ్మిదింపావుకు ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి మేడమ్‌గారు, ఆవిడ వెంట పన్నెండుమంది, అందరి చేతుల్లోనూ ఫైళ్ళు! మండపేట, రామచంద్రపురం, ద్వారపూడి నుంచి తలా కొంత వేసుకుని వ్యాను మాట్లాడుకుని వచ్చారు. పది అయ్యేసరికి రెండు వందల కుర్చీలూ నిండాయి, పక్కనున్న కల్యాణ మండపం నుంచి నలభై కుర్చీలు మోయించాము. నేను కూడా మోశాను. డిసెంబరులో వచ్చిన ఆ న్యాయవాదిగారే ఈసారీ వచ్చారు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, వరుసలన్నీ చూసి, నావైపు తిరిగి చిన్నగా నవ్వారు. డిసెంబరు నుంచి నా భుజంమీద ఉన్న ఆ చేయి అప్పుడు దిగింది.

ముందుగా పంపిన ప్రశ్నలు అరవైమూడు. ఆయన ఉపన్యాసం చెప్పలేదు, ఆ ప్రశ్నలనే ఒక్కొక్కటిగా తీసుకున్నారు, తమ ప్రశ్న చదివినప్పుడు మనుషులు కుర్చీలో ముందుకు జరగడం నేను స్పష్టంగా చూశాను. మేడమ్‌గారి ప్రశ్న అందరికీ పనికివచ్చింది: మిల్లు కాటా చీట్లు, కొనుగోలు పుస్తకాలు అన్నీ తెలుగులో చేతిరాతతో ఉంటే ట్రైబ్యునల్‌కు ఎలా సమర్పించాలి? ఇంగ్లీషు అనువాదం జతచేయాలని, అది సరైన అనువాదమని అధీకృత ప్రతినిధి (వ్యాపారి తరఫున హాజరయ్యే వ్యక్తి) ధ్రువీకరించవచ్చని ఆయన చెప్పారు. చెప్పి, "ఆ ప్రతినిధి మీరే కావచ్చు, జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా మీకు ఆ హక్కు చట్టంలోనే ఉంది" అన్నారు. హాలంతా చప్పట్లు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

భోజనాల దగ్గర జరిగింది ఇంకా చెప్పనేలేదు. అమలాపురం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, తరువాతి సదస్సు తమ ఊళ్ళో పెట్టమని, హాలు తానే చూస్తానని చెప్పి, నా చేతిలో ఒక కాగితం... ఉండు, మా గుమాస్తా ఫోను చేస్తున్నాడు. రేపు 20. మూడు రిటర్నులు మిగిలాయి, ఒక పార్టీ చలానాకు డబ్బు ఇప్పుడే జమ చేశాడట. ఆ కాగితంలో ఏముందో వచ్చే ఉత్తరంలో రాస్తాను. పిన్నిగారికి ఫోను చెయ్యి.

నీ
మిత్రుడు