ఆపరేషన్ డేట్ ఖాయం చేసేముందు

చిరంజీవి స్వాతికి,

ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలు ఫరవాలేదు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో పనసపొట్టు వచ్చింది, నువ్వు లేవని తేలేదు. ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉన్నావనుకున్నాను. తీరా చూస్తే ఒళ్ళు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌కి మాట్లాడుకున్నావట, పద్మ పిన్ని చెప్పింది.

వద్దనడం లేదమ్మా. షుగరు మొదలైంది, ఒళ్ళు తగ్గాల్సిందే. కానీ ముద్ద దిగని సంగతి ఆ సర్జన్‌కి చెప్పావా?

కనుమ నాడు చూశాను. అందరూ గారెలు తింటుంటే నువ్వు ప్రతి ముక్కకీ గ్లాసు ఎత్తావు. రెండో గారె సగంలో ఆపి, భుజాలు వెనక్కి విరిచి, మెడ పైకి చాచావు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చిన్నత్త మాటలకి తలూపుతూనే ఉన్నావు. తర్వాత పెరట్లోకి వెళ్ళి కక్కుకొచ్చి, గ్యాస్ అన్నావు. మర్నాడు నీ దిండు గలీబు ఉతకబోతే రాత్రి తిన్న అన్నం మెతుకులున్నాయి, పులుపు వాసనే లేదు. గ్యాస్ అయితే పులవదూ? తిండి దిగకపోతే ఇంత లావెలా అయిందని చిన్నత్త అంది. జారిపోయే ఐస్‌క్రీములు, మిల్క్‌షేకులతో కడుపు నింపుకుంటే ఒళ్ళు రాదా?

మహారాణిపేటలో మీ నాన్నని చూసే గ్యాస్ట్రో డాక్టరుని అడిగాను. అన్నవాహిక చివర కండరం వదులు కాకపోతే అకలేజియా అంటారట. ఎండోస్కోపీలో ఒక్కోసారి దొరకదట. బేరియం మందు తాగించి తీసే ఎక్స్‌రే, ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి ప్రెషర్ కొలిచే మానోమెట్రీ చేయించాలట. అదే అయితే స్లీవ్‌కి తొందరపడకూడదు. పొట్టని గొట్టంలా కుట్టేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. తర్వాత ఆ కండరం కోస్తే ఆసిడ్ పైకి తన్నుతుంది. అలాంటివాళ్ళకి కండరం కోసే హెల్లర్ మయోటమీ, పొట్టలో చిన్న భాగాన్నే తిన్నగా పేగుకి కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ కలిపి చేస్తుంటారట. ఆ కోత 1913 నుంచీ ఉన్నదే, భయపడకు. బైపాస్ అయితే బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. మాత్రలంటే నీకెంత బద్ధకమో తెలుసు, అలారం పెట్టుకో.

మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పు. ముందురాత్రి నుంచి పస్తున్నా తిన్నది అన్నవాహికలో నిలిచిపోయి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. ఇది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. రాత్రి పొద్దుపోయి తినకు, తిన్న వెంటనే పడుకోకు, తల కింద ఎత్తు పెట్టుకో.

పిన్నిని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ముందు ఆ పరీక్షలు రాయించుకో. రిపోర్టు వాట్సాప్‌లో పెడితే మీ నాన్న ఇక్కడ కూడా చూపిస్తారు. ఏ ఆపరేషన్ అయినా నేను పక్కనుండాలి, డేట్ చెబితే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీయిస్తాను.

అమ్మ