పారెయ్యకుండా నాలుగు రోజులు ఉంచిన ప్లేటు: ప్రాంతీయ ఆసుపత్రి వారికి మా కుటుంబం కృతజ్ఞతలు

మా నాన్నగారు మొన్న సోమవారం తన మందుల కోర్సులో చివరి మాత్ర వేసుకున్నారు. ఆరున్నర నెలల కిందట ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే తప్ప నిలబడలేని మనిషి, ఈసారి ఓపీ కౌంటరు దగ్గర నుంచి రెండో అంతస్తు వార్డు దాకా తానే నడిచి వెళ్లి, తనకు ఇంజెక్షన్లు చేసిన సిస్టర్లకు నమస్కారం చెప్పి వచ్చారు. అయితే ఆయన ప్రాణం నిలబడటానికి కారకులైన వాళ్లలో కొందరు ఆ వార్డులో ఉండరు. వాళ్ల ముఖాలు కూడా ఆయన చూడలేదు. వాళ్లకు కూడా మా కృతజ్ఞత చేరాలని, మెలియోయిడోసిస్ అనే ఈ జబ్బుతో తిరుగుతున్న మరో కుటుంబానికి ఈ వివరాలు పనికిరావచ్చునని ఇది రాస్తున్నాను.

నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగరు ఉంది. రోజూ తడి మట్టిలో, చెప్పులు లేకుండా పని చేసే అలవాటు. వానలు బాగా పడిన రోజుల తరువాత ఆయనకు జ్వరం మొదలై, దగ్గు పట్టుకుని, రెండు నెలల్లో పదకొండు కిలోలు తగ్గిపోయారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగంలో మచ్చలు కనిపించాయి. కఫం పరీక్షలో క్షయ క్రిములు రెండుసార్లూ కనిపించకపోయినా, మొదట మేము చూపించుకున్న చోట క్షయ అనే నిర్ణయించి మందులు మొదలుపెట్టారు. ఆ వైద్యుణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఈ జబ్బు క్షయలాగే కనిపించి అనుభవజ్ఞులను కూడా మోసం చేస్తుందని తరువాత తెలుసుకున్నాము. కానీ మందులు వేసిన ఎనిమిది వారాలకు కూడా జ్వరం తగ్గనప్పుడు, ఒక్కసారైనా రక్తం కల్చర్‌కు (అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) పంపి ఉంటే బాగుండేదన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది.

ఎడమ డొక్కలో భరించలేని నొప్పి రావడంతో ఒక రాత్రి పదకొండు గంటలకు ఆయనను ప్రాంతీయ ఆసుపత్రికి తీసుకువెళ్లాము. మా మొదటి కృతజ్ఞత ఆ రాత్రి డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలికి. అప్పటికే ఆమె ముందు తొమ్మిది మంది రోగులు ఉన్నారు. ఆమె తొందరపడి ఏదో ఒక యాంటీబయాటిక్ ఎక్కించలేదు. ముందుగా రెండు చేతుల నుంచీ విడివిడిగా రక్తం తీసి కల్చర్ సీసాల్లోకి ఎక్కించి, మూత్రం, కఫం, గొంతులోని స్రావం కూడా పరీక్షకు పంపించి, ఆ తరువాతే మందు మొదలుపెట్టారు. మందు పడిన తరువాత తీసిన రక్తంలో క్రిమి దొరక్కపోవచ్చునని, ఈ పది నిమిషాల ఆలస్యం అవసరమేనని మాకు ఓపిగ్గా చెప్పారు. ఆ పది నిమిషాలు లేకపోతే ఈ కథ ఇలా ఉండేది కాదు.

రెండో రోజు సాయంత్రానికి సీసాలో క్రిమి పెరిగిందని ల్యాబ్ నుంచి కబురు వచ్చింది. క్రిములను గుర్తించే ఆటోమేటిక్ యంత్రం దానికి బర్క్‌హోల్డేరియా సెపేసియా అని పేరు పెట్టింది. ఇలాంటి పేరు వస్తే, అది బయటి నుంచి సీసాలో పడిన క్రిమి అయి ఉంటుందని చాలాచోట్ల పక్కన పెట్టేస్తారట. ఇక్కడి మైక్రోబయాలజీ (క్రిములను పరీక్షించే విభాగం) వైద్యురాలు అలా పక్కన పెట్టలేదు. యంత్రం చెప్పిన పేరుకూ, క్రిమిని పెంచే చిన్న పళ్లెం, అంటే ప్లేటు మీద కనిపిస్తున్న లక్షణాలకూ పొంతన కుదరలేదని ఆమె గమనించారు. ఈ క్రిమి జెంటామైసిన్, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌లకు లొంగలేదు కానీ, సెపేసియా సాధారణంగా లెక్కచెయ్యని అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే మరో యాంటీబయాటిక్‌కు లొంగింది. స్లైడు మీద రంగు వేసి చూస్తే ఒక్కొక్క క్రిమి రెండు కొసలా ముదురుగా, నడుమ వెలిసిపోయినట్టుగా, అచ్చం మూసిపెట్టిన పిన్నీసులా ఉంది. మిగతా ప్లేట్లతో పాటు ఆ ప్లేటును నాశనం చెయ్యవలసిన రోజున, ల్యాబ్ టెక్నీషియన్ ఒకరు ఆమె చెప్పినట్టు దానిని విడిగా, రక్షణ ఉన్న క్యాబినెట్‌లో, నాలుగు రోజుల పాటు ఉంచారు. ఆ క్రిమిని పీల్చినా ప్రమాదమే కాబట్టి, ఆ పని చేసినవాళ్లు తమ ఆరోగ్యం సంగతి కూడా ఆలోచించుకోవలసి ఉంటుంది. ఆ టెక్నీషియన్ పేరు మాకు తెలియదు. వారికి మా కుటుంబమంతా చేతులెత్తి నమస్కరిస్తోంది.

ప్లేటు మీద క్రిములు గుంపులుగా పెరిగి ఏర్పడిన నున్నటి చుక్కలు నాలుగో రోజుకు ఎండి ముడతలు పడ్డాయి. తరువాత ఒక సందర్భంలో మేడమ్ తన కంప్యూటర్‌లో ఆ ఫొటో నాకు చూపించారు. మధ్య నుంచి అంచుల దాకా గీతలు గీతలుగా, పుస్తకంలో పెట్టి మరిచిపోయిన పువ్వులా, ఊదా రంగులో ఉన్నాయి. నా తండ్రిని అంతలా పీల్చేసిన వస్తువు ఇంత చిన్నదా అని చాలాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయాను.

అయితే ఆమె ఆ నాలుగు రోజులూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. అనుమానం వచ్చిన గంటలోపే ల్యాబ్ వదిలి స్వయంగా వార్డుకు వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "పెద్దాయనా, మీరు నీళ్లలో, మట్టిలో పని చేస్తారా? ఈ మధ్య కాలికి దెబ్బ ఏమైనా తగిలిందా?" అని అడిగారు. నాన్నగారు పంచె కాస్త పైకి జరిపి, పిక్క మీద మానిపోయిన చిన్న మచ్చ చూపించారు. అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న అది. మేము చెప్పాలని అనుకోని సమాధానం అది. ఆ సాయంత్రమే, తుది నిర్ధారణ రాకముందే, వైద్యులతో మాట్లాడి సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. జబ్బు పేరు మెలియోయిడోసిస్. నేలలోనూ నిలవ నీటిలోనూ ఉండే బర్క్‌హోల్డేరియా సూడోమల్లై అనే క్రిమి వల్ల వస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు దీని ముప్పు చాలా ఎక్కువ.

ఈ జబ్బును మొదట గుర్తించి వివరించినవారు రంగూన్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే ఇద్దరు. ఎవరికీ అంతుపట్టని మరణాలకు కారణం వెతికి, 1912లో ఇది ఇంతవరకూ ఎవరూ వర్ణించని జబ్బు అని ప్రచురించారు. అంటే మా నాన్నగారి జబ్బుకు ఒక పేరు ఉండటానికి కారణం, శతాబ్దం కిందట ఇద్దరు మనుషులు వింత కేసులను వింత కేసులుగా వదిలెయ్యకపోవడం.

మందు సంగతి కూడా అంతే. సెఫ్టాజిడిమ్ ఎందుకు, మామూలు మందు ఎందుకు కాదు అని నేను అడిగినప్పుడు, ఫిజీషియన్ గారు ఈశాన్య థాయిలాండ్‌లోని ఉబోన్ రాచథాని ఆసుపత్రిలో జరిగిన పరిశోధన గురించి చెప్పారు. అది కూడా రాజధానికి దూరంగా ఉన్న ప్రాంతీయ ఆసుపత్రే. అక్కడ తీవ్రమైన మెలియోయిడోసిస్‌తో చేరిన రోగులలో కొందరికి పాత మందులు, కొందరికి సెఫ్టాజిడిమ్ ఇచ్చి పోల్చి చూస్తే, మరణాలు 74 శాతం నుంచి 37 శాతానికి, అంటే సరిగ్గా సగానికి తగ్గాయి. 1989లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ అంకెల గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. ఆ 74 శాతంలో ఉన్నవాళ్లకు కూడా మంచం పక్కన కూర్చున్న కొడుకులు, కూతుళ్లు ఉండే ఉంటారు. తమకు ఏ మందు వస్తుందో తెలియకుండానే ఆ పరిశోధనలో భాగమైన ఆ రోగులందరికీ మా కుటుంబం రుణపడి ఉంది.

స్కాన్ చేసిన తీరుకు కూడా ఇలాంటి వెనకటి కథే ఉంది. నొప్పి ఉన్నది ఎడమ డొక్కలో. అక్కడ ప్లీహంలో (స్ప్లీన్‌లో) చిన్న చిన్న చీముగడ్డలు అల్ట్రాసౌండ్‌లోనే కనిపించాయి. అయినా రేడియాలజీ వైద్యులు అంతటితో ఆగకుండా పొత్తికడుపు కింది దాకా సీటీ తీశారు. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో 1989 నుంచి ప్రతి మెలియోయిడోసిస్ రోగి వివరాలనూ ఒక్కటీ వదలకుండా నమోదు చేస్తూ వస్తున్నారని, మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిలో చీముగడ్డ తరచుగా దాగి ఉంటుందని వాళ్ల అనుభవం వల్లనే తెలిసిందని మాకు చెప్పారు. నాన్నగారికీ అక్కడ గడ్డ ఉంది. మూత్రానికి ఇబ్బందిగా ఉందని ఆయన మా ఎవరికీ చెప్పలేదు. ప్లీహంలోని చిన్న గడ్డలను మందుకు వదిలేసి, ప్రొస్టేట్‌లోని చీమును మాత్రం సర్జన్ గారు తీసివేశారు. దానిని అలాగే వదిలేసి ఉంటే ఎన్ని ఇంజెక్షన్లు చేసినా జ్వరం పూర్తిగా తగ్గేది కాదని అన్నారు. ముప్ఫై ఏళ్లలో డార్విన్ వారు 1,148 మంది రోగుల వివరాలను నమోదు చేశారు. తొలి ఐదేళ్లలో 31 శాతం ఉన్న మరణాలు చివరి ఐదేళ్లలో 6 శాతానికి వచ్చాయి.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా నిలబెట్టిన మాట ఒకటి చెప్పాలి. సరైన మందు మొదలైన తరువాత కూడా జ్వరం వెంటనే తగ్గదని, సగం మందికి తొమ్మిది రోజులు, లోపల గడ్డలు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుందని ఫిజీషియన్ గారు మొదటి రోజే మాకు చెప్పి ఉంచారు. ఆరో రోజు రాత్రి జ్వరం 103 డిగ్రీలు దాటినప్పుడు, మందు పనిచెయ్యడం లేదు, వేరే చోటికి తీసుకుపోదాం అని మా చిన్నాన్న పట్టుబట్టారు. డాక్టరు గారు తొమ్మిది రోజులు అన్నారు కదా అని అమ్మ ఒక్కతే గట్టిగా నిలబడింది. పదకొండో రోజు తెల్లవారుజామున నాన్నగారి ఒంటికి చెమట పట్టి, దుప్పటి తీసెయ్యమన్నారు. ఎన్నో వారాల తరువాత ఆయన నుదురు చల్లగా తగిలింది.

నాలుగు వారాల పాటు ఆరు గంటలకొకసారి, అర్ధరాత్రి కూడా ఒక్క మోతాదు తప్పకుండా ఇంజెక్షన్లు ఇచ్చిన సిస్టర్లకు, ప్రతిసారీ "తాతగారూ, చెయ్యి ఇటు ఇవ్వండి" అని పలకరించి నిద్ర లేపినందుకు, కృతజ్ఞతలు. తరువాతి ఐదు నెలల కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలను, వాటితో పాటు ఫోలిక్ యాసిడ్‌ను ఏ నెలా కొరత రాకుండా ఇచ్చి, ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆ రోజే రమ్మని ప్రతిసారీ గుర్తుచేసిన ఫార్మసిస్టు గారికి, పొటాషియం, కిడ్నీ పరీక్షల తేదీలు మేము మరిచిపోయినా ఫోను చేసి పిలిపించిన రికార్డుల గుమస్తా గారికి కూడా.

కోర్సు సగంలో ఉండగా ఫిజీషియన్ గారు నాన్నగారిని కూర్చోబెట్టి, ఈ కేసును వైద్య పత్రికకు రాయడానికి అనుమతి కావాలని అడిగారు. పేరు, ఊరు, ముఖం ఏవీ రావని, ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ చూసిన తరువాతే పంపుతామని చెప్పి, అనుమతి పత్రం చదివి వినిపించారు. నాన్నగారు, "నేను సంతకం పెట్టకపోతే మందులు ఆపుతారా?" అని నేరుగా అడిగారు. నాకు కాస్త సిగ్గు వేసింది. డాక్టరు గారు ఏమాత్రం నొచ్చుకోకుండా, "మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. మీరు పెట్టినా, పెట్టకపోయినా, పెట్టిన తరువాత వద్దన్నా మీ వైద్యంలో ఏ మార్పూ ఉండదు" అని, ఇంటికి తీసుకువెళ్లి వారం రోజులు ఆలోచించుకుని రమ్మన్నారు. నాన్నగారు వారం రోజులూ ఆలోచించి, ఎనిమిదో రోజున సంతకం పెట్టారు.

ఆ నివేదికలో రోగి తన మాటల్లో చెప్పుకునే భాగం కూడా ఒకటి ఉంటుందట. జ్వరం గురించో నొప్పి గురించో చెబుతారని నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆయన చెప్పింది వేరు. క్షయ అన్నప్పటి నుంచి ఇంట్లో తన గ్లాసూ కంచమూ విడిగా పెట్టామని, మనవరాలు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేదని, జబ్బు కంటే అదే తనను ఎక్కువ కుంగదీసిందని చెప్పారు. క్షయ అయినా కంచాలు, గ్లాసుల వల్ల అంటుకోదని, మెలియోయిడోసిస్ మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదని మాకు ఆసుపత్రిలోనే తెలిసింది. ఆ మాటలు రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. ఒక్క అక్షరం కూడా మార్చకుండా అలాగే రాసి ఇచ్చాను.

షుగరు ఉన్నవాళ్లు తడి మట్టిలో, నిలవ నీటిలో పని చెయ్యవలసి వస్తే బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. క్షయ మందులు వాడుతున్నా జ్వరం తగ్గకపోతే, కఫంలో క్షయ క్రిములు కనిపించకపోతే, రక్తం కల్చర్ గురించి మీ వైద్యులను మర్యాదగా అడగండి. మట్టి పని చేస్తామని, పాత దెబ్బలు ఉన్నాయని మీరే ముందుగా చెప్పండి.

వచ్చే నెల మళ్లీ పరీక్షకు వెళ్లాలి. ఆ రోజు ఈ ఉత్తరం ప్రతులు రెండు తీసి, ఒకటి వార్డులో ఇస్తాము. ల్యాబ్ లోపలికి రోగులను రానివ్వరు కనుక, రెండోదాని మీద "ప్లేటును నాలుగు రోజులు ఉంచినవారికి" అని నాన్నగారు తన చేతిరాతతో రాసి, శాంపిళ్లు తీసుకునే కిటికీలో ఇస్తానన్నారు.